థాయ్‌లాండ్ అనుబాన్‌లో ఇంగ్లిష్ టీచరుగా కుదురుకోవడం: ఆఫర్ లెటర్ నుంచి తొలి టర్ము దాకా

థాయ్‌లాండ్‌లో మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల బడిని అనుబాన్ అంటారు. అక్కడ ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం వచ్చిన మనవాళ్లు ఎక్కువగా అడిగేది పాఠం ఎలా చెప్పాలన్నదే అయినా, తొలి మూడు నెలల్లో చాలామందిని కుదిపేది పనుల వరుస తప్పడం. వీసా చేతికి రాకముందే విమానం టికెట్ కొంటారు, బడి చూడకముందే ఏడాదికి ఇల్లు అద్దెకు తీసుకుంటారు, పిల్లల పేర్లు నోటికి రాకముందే పుస్తకం తెరుస్తారు. అందువల్ల ఈ మార్గదర్శిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికే ఎక్కువ చోటిచ్చాను.

1. ఆఫర్ లెటర్‌ను జాగ్రత్తగా చదవడం

థాయ్ బడుల మొదటి టర్ము మే నెల మధ్యలో, రెండో టర్ము నవంబరు మొదట్లో మొదలవుతాయి. ఉద్యోగాలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్, అక్టోబరు నెలల్లో దొరుకుతాయి. ఆఫర్ లెటర్ రాగానే జీతం అంకె చూసి సంతోషపడకుండా, ఆ జీతం ఏడాదికి 12 నెలలు ఇస్తారా, 10 నెలలే ఇస్తారా అన్నది చూడాలి. వేసవి సెలవుల జీతం లేని కాంట్రాక్టులు తక్కువేమీ కావు.

ప్రకటనల్లో కనిపించే "నేటివ్ స్పీకర్" అన్న షరతు పాస్‌పోర్టును బట్టి నడుస్తుంది. మీరు ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి ఉన్నా, భారత పాస్‌పోర్టు ఉన్నవారిని ఆ జాబితాలో చేర్చరు. ఇది న్యాయమా అని వాదించి ప్రయోజనం లేదు. టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600 మార్కులు గానీ, ఐఈఎల్‌టీఎస్‌లో 5 బ్యాండు గానీ తగ్గకుండా చూపమని సాధారణంగా అడుగుతారు కాబట్టి, ఆ పరీక్ష బయలుదేరకముందే రాసుకోండి. టోయిక్ స్కోరును రెండేళ్ల వరకే లెక్కలోకి తీసుకుంటారన్నదీ గుర్తుంచుకోండి.

సంతకం చేసే ముందు ఈ వివరాలు కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకోండి.

☐ బడి పూర్తి పేరు, ఊరు, రాష్ట్రం, మీరు చెప్పబోయే తరగతి స్థాయి.
☐ వారానికి ఎన్ని పిరియడ్లు, ఎన్ని గంటలు బడిలో ఉండాలి.
☐ జీతం ఎన్ని నెలలు, ఏ తేదీన, బడి ఇస్తుందా ఏజెన్సీ ఇస్తుందా.
☐ వీసా, వర్క్ పర్మిట్ ఖర్చులు ఎవరివి.
☐ మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. బ్యాంకాక్‌లో ఉద్యోగమని రప్పించి, కారులో మయే సోట్ వైపు తీసుకెళ్లి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని ఆన్‌లైన్ మోసాల స్థావరాల్లో నిర్బంధించిన సంఘటనలు ఉన్నాయి. వాటి గురించి భారత విదేశాంగ శాఖ 2022 నుంచి హెచ్చరిస్తూనే ఉంది. ఏ బడీ కొత్త టీచరును దిగిన రాత్రే సరిహద్దు ఊరికి కారులో పంపదు. బడి ఫోను నంబరును మీరే స్వయంగా వెతికి పట్టుకుని, ఆఫీసుతో మాట్లాడిన తర్వాతే మిగతా పనులు మొదలుపెట్టండి.

2. పత్రాలు సిద్ధం చేసుకోవడం: పేరు దగ్గరే చిక్కు

తెలుగువాళ్ల పత్రాలకు ఉన్న ప్రత్యేకమైన తలనొప్పి ఇంటిపేరు. పదో తరగతి మెమోలో "కె. సరళ" అని, డిగ్రీలో "కొత్తపల్లి సరళ" అని ఉంటుంది. పాస్‌పోర్టులో రెండూ కలిసి ఒకే గడిలో ఉండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. పెళ్లి తర్వాత తీసుకున్న ఆధార్‌లో మరో ఇంటిపేరు ఉంటుంది. మన ఊళ్లో ఈ నాలుగూ ఒక్కరేనని ఎవరైనా ఒప్పుకుంటారు గానీ, థాయ్ కార్యాలయంలో అవి నలుగురు మనుషులు.

అందువల్ల మొట్టమొదటి పని పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు వేర్వేరు గడుల్లో సరిగ్గా ఉండేలా చూసుకోవడం. మిగతా పత్రాల్లోని తేడాలకు "ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి" అని తెలిపే అఫిడవిట్‌ను నోటరీ చేయించుకోండి. ఆ తర్వాత బడి తయారుచేసే ప్రతి కాగితంలోనూ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే వాడమని ముందుగానే మెయిల్ రాయండి. మీ పేరును అక్కడ థాయ్ లిపిలో కూడా రాస్తారు. వర్క్ పర్మిట్‌లో ఒకలా, బ్యాంకులో మరోలా రాయకుండా ఒకసారి నిర్ణయించిన రూపాన్నే అంతటా వాడమనండి.

రెండో పని అటెస్టేషన్, అంటే పత్రం అసలైనదేనని అధికారిక ముద్రలు వేయించుకోవడం. ప్రొవిజనల్ సర్టిఫికెట్ పనికిరాదు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఉండాలి. కాన్వొకేషన్‌కు దరఖాస్తు చేయకుండా వదిలేసినవాళ్లు ఈ ఒక్క కాగితం కోసమే నెలల తరబడి యూనివర్సిటీ చుట్టూ తిరుగుతారు. డిగ్రీ మీద ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఎంబసీ ముద్ర, ఇదీ మామూలు వరుస. అపోస్టిల్ (హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య చెల్లే ముద్ర) వేరు, ఎంబసీ అటెస్టేషన్ వేరు. మీ బడికి ఏది కావాలో రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.

థాయ్‌లాండ్ ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పనికి వెళ్లేవారిని మన ప్రభుత్వం తనిఖీ చేసి పంపే) దేశాల జాబితాలో ఉంది. డిగ్రీ చదివినవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు గానీ, పాత పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటే విమానాశ్రయంలో ఆపేస్తారు. దాన్ని ముందే మార్పించుకోండి.

☐ పాస్‌పోర్టుకు కనీసం ఏడాదిన్నర గడువు ఉండేలా చూసుకున్నాను.
☐ ఓడీ, మార్కుల జాబితా, బీఈడీ ఉంటే ఆ పత్రాలు తీసుకున్నాను.
☐ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకున్నాను.
☐ ఇంగ్లిష్ పరీక్ష స్కోరు, పాత ఉద్యోగాల అనుభవ పత్రాలు ఉన్నాయి.
☐ ప్రతి పత్రానికీ రెండు జిరాక్సులు, ఒక స్కాన్ కాపీ ఉన్నాయి.

3. వీసా, అనుమతులు: ఈ వరుస తప్పకూడదు

మొదట బడి పంపిన పత్రాలతో భారత్‌లో ఉండగానే ఉద్యోగానికి ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ బీ వీసాకు దరఖాస్తు చేయాలి. 2025 జనవరి నుంచి మన దేశంలో ఇది ఆన్‌లైన్ ఈ-వీసా పద్ధతిలో నడుస్తోంది. సాధారణంగా 90 రోజులు ఉండనిస్తారు.

రెండోది, విమానం దిగే ముందు మూడు రోజుల్లోపు థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఇది 2025 మే 1 నుంచి తప్పనిసరి.

మూడోది, బడి మీ తరఫున ఖురుసఫా అనే ఉపాధ్యాయ మండలి నుంచి తాత్కాలిక బోధనా అనుమతి తెస్తుంది.

నాలుగోది వర్క్ పర్మిట్, ఐదోది ఇమిగ్రేషన్ కార్యాలయంలో వీసా గడువు పొడిగింపు. ఈ పొడిగింపుకు 1,900 బాత్‌లు (బాత్ థాయ్ కరెన్సీ). ఈ పనులన్నీ ఆ 90 రోజుల్లోపే ముగియాలి కాబట్టి, దిగిన వారంలోనే బడి ఆఫీసులో ఎవరు ఈ పని చూస్తున్నారో కనుక్కుని, పదిహేను రోజులకొకసారి మర్యాదగా గుర్తుచేస్తూ ఉండండి.

"టూరిస్టుగా వచ్చేయండి, తర్వాత మార్పిస్తాం" అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. నాకూ ఒక బడి అలాగే చెప్పింది. నేను ఒప్పుకోకపోతే ఉద్యోగం పోతుందని భయపడ్డాను గానీ, మూడు వారాలు ఆగితే వాళ్లే పత్రాలు పంపారు. వర్క్ పర్మిట్ లేకుండా తరగతిలో నిలబడటం చట్టవిరుద్ధం. పట్టుబడితే టీచరుకూ శిక్ష తప్పదు.

4. పెట్టెలో ఏం పెట్టుకోవాలి

థాయ్‌లాండ్‌లోనూ కరెంటు 220 వోల్టులే. మన రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గులు చాలాచోట్ల పడతాయి, మూడు పిన్నులవి మాత్రం పట్టవు. అద్దె గదుల్లో చాలావాటికి వంటగది ఉండదు, గ్యాసు పెట్టనివ్వరు. కాబట్టి ఇండక్షన్ పొయ్యి మీద పనిచేసే మూడు లీటర్ల కుక్కరు ఒకటి తీసుకెళ్లండి. కందిపప్పు, ఇంగువ, పోపు దినుసులు మొదటి నెలకు సరిపడా చాలు.

బట్టల్లో భుజాలు, మోకాళ్లు కప్పేవే బడికి పనికొస్తాయి. చెప్పులు ఇట్టే విప్పగలిగేవై ఉండాలి, ఎందుకంటే అనుబాన్ గదుల్లోకి చెప్పులతో వెళ్లరు. రోజుకు పదిసార్లు లేసులు విప్పి కట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

బండి నడిపే ఆలోచన ఉంటే ఇక్కడి ఆర్టీవో కార్యాలయంలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అక్కడా ఎడమ పక్కనే నడుపుతారు.

5. మొదటి పది రోజులు: గది, డబ్బు, భోజనం

మొదటి వారం రోజువారీ అద్దె గదిలో ఉండి, బడికి వెళ్లే దారిని పొద్దున ఏడింటికి ఒకసారి స్వయంగా చూసుకున్న తర్వాతే నెలసరి గది తీసుకోండి. సాధారణంగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు అడుగుతారు. తొలి జీతం నెలాఖరుకు గానీ రాదు. కాబట్టి అద్దె, డిపాజిట్ కాక రెండు నెలల తిండి, రవాణా ఖర్చులు చేతిలో ఉండాలి. కరెంటు యూనిట్‌కు ఎంత అని అడగడం మరవకండి. ప్రభుత్వ రేటు నాలుగు బాత్‌ల చుట్టుపక్కల ఉంటే, కొందరు యజమానులు ఏడెనిమిది వసూలు చేస్తారు. ఏసీ వేసుకునేవారికి తేడా అక్కడే తెలుస్తుంది.

గది తీసుకునేటప్పుడే యజమానిని టీఎం30 గురించి అడగండి. విదేశీయుడు తన ఇంట్లో ఉంటున్నాడని యజమాని 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి. ఆ రసీదు మీ దగ్గర లేకపోతే వీసా పొడిగింపు రోజున కౌంటరు దగ్గర పని ఆగిపోతుంది. "అదేమీ అక్కర్లేదు" అనే యజమానికి నమస్కారం పెట్టి, మరో గది చూసుకోండి.

బ్యాంకు ఖాతాకు చాలా శాఖల్లో వర్క్ పర్మిట్ అడుగుతారు. అప్పటిదాకా నగదుతోనే నడపాలి. ఖాతా తెరిచాక ప్రాంప్ట్‌పే పెట్టుకుంటే మన యూపీఐలాగే బజారులో అన్నిచోట్లా క్యూఆర్ కోడ్‌తో చెల్లించవచ్చు. స్వదేశంలోని సేవింగ్స్ ఖాతాను ప్రవాస భారతీయులకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవడం కూడా ఈ సమయంలోనే చేయాల్సిన పని.

ఫోనులో లైన్ యాప్ వేసుకోండి. బడి కబుర్లన్నీ అందులోనే వస్తాయి, మన వాట్సాప్ అక్కడ ఎవరూ చూడరు.

భోజనం విషయంలో శాకాహారులకు తొలి వారం కష్టంగానే ఉంటుంది. కూరగాయల వేపుడు అని తెచ్చినదాంట్లోనూ చేపల సాస్ ఉంటుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండురొయ్యలు ఉంటాయి. "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాస్ వేయవద్దని, "కిన్ జే" అంటే జే భోజనం తింటానని అర్థం. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు ఉన్న కొట్టు జే భోజనశాల. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు.

కూరగాయల బజారులో మాత్రం బెంగ పడనక్కర్లేదు. ములక్కాడ, కాకరకాయ, చింతపండు, తూటికూర, పచ్చిమామిడి అన్నీ కనిపిస్తాయి. మనం కాయ వండుకునే దొండ తీగకు అక్కడివాళ్లు ఆకు కోసి పులుసులో వేస్తారు. దాని పేరు తమ్‌లుంగ్. పప్పులో వేసి చూడండి, బచ్చలికి చెల్లెలులా ఉంటుంది. పప్పులు, మసాలాలు కావాలంటే బ్యాంకాక్‌లో పాహురాత్ బజారుకు వెళ్లాలి.

6. బడిలో అడుగుపెట్టేటప్పుడు తెలియాల్సినవి

అనుబాన్ అనే మాట మన "అనుపాల" నుంచి, టీచరును పిలిచే "ఖ్రూ" అనే మాట మన "గురు" నుంచి వచ్చాయి. ఆహాన్ అంటే ఆహారం, ఫాసా అంటే భాష, అక్సాన్ అంటే అక్షరం. ఇలాంటి పది మాటలు పట్టుకుంటే థాయ్ భాష మీద భయం సగం తగ్గుతుంది. మాట చివర స్త్రీలు "ఖా" అని, పురుషులు "ఖ్రప్" అని చేర్చడం అలవాటు చేసుకుంటే మిగతా తప్పుల్ని నవ్వుతూ సర్దుకుంటారు.

పొద్దున ఎనిమిదింటికి జెండా ఎగరేసి జాతీయ గీతం పాడతారు. ఆ సమయంలో నడవకూడదు, ఫోను చూడకూడదు. రాజకుటుంబం గురించి సరదాకైనా వ్యాఖ్యానించకండి, అది అక్కడ జైలుశిక్ష పడే నేరం.

రెండు చేతులూ జోడించి చేసే నమస్కారాన్ని వాయ్ అంటారు. మనకు అలవాటే కదా అని అందరికీ ముందుగా మనమే పెట్టేస్తాం. అక్కడ చిన్నవారు ముందు చేస్తారు, పెద్దవారు బదులిస్తారు. ప్రిన్సిపాల్‌కు మీరు ముందు చేయండి. పిల్లలు చేసినప్పుడు చేతులు ఛాతీ దగ్గర పెట్టి బదులివ్వడమో, తల పంకించడమో చాలు.

పిల్లవాడు బాగా చెప్పాడని మనం అలవాటుగా తల నిమురుతాం. థాయ్ సంస్కృతిలో తల పవిత్రం. థాయ్ టీచర్లు ముద్దుగా నిమరడం చూస్తారు గానీ, కొత్తవారు ఆ జోలికి పోకుండా అరచేతికి అరచేయి తాకించి హై ఫైవ్ ఇస్తే సరిపోతుంది. పాదాలు ఎవరివైపూ చాపి కూర్చోకండి.

కాగితాల మీద సంవత్సరం బౌద్ధ శకంలో రాస్తారు. మన సంవత్సరానికి 543 కలిపితే అది వస్తుంది, అంటే 2026 అక్కడ 2569. హాజరు పట్టీలో పిల్లల పుట్టిన సంవత్సరం చూసి కంగారుపడకండి.

జూన్‌లో, తరచుగా ఒక గురువారం నాడు, వాయ్ ఖ్రూ అనే గురుపూజ జరుగుతుంది. పిల్లలు మోకాళ్ల మీద వచ్చి పూలపళ్లెం అందిస్తారు. అందులో గరిక, వంగపువ్వు, నూరువరహాల పువ్వు ఉంటాయి. కదలకుండా కూర్చుని, రెండు చేతులతో అందుకుని, ఇంగ్లిష్‌లో ఒక చిన్న ఆశీర్వచనం చెప్పండి. నిలబెట్టి లేపాలని ప్రయత్నించకండి.

7. తరగతి: మొదటి వారంలో పాఠం చెప్పకండి

మే నెలలో అనుబాన్ ఒకటిలో చేరే పిల్లలు అమ్మను వదిలి రావడం అదే మొదటిసారి. గదిలో సగంమంది ఏడుస్తుంటారు. ఆ గదిలోకి కొత్త ముఖం, కొత్త భాష, పెద్ద గొంతుతో వెళ్లడం మంచిది కాదు. ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని ఓదార్చే పని థాయ్ టీచరుకు, ఆమెకు తోడుండే ఖ్రూ ఫీ లియాంగ్‌కు వదిలేయండి. మీరు నేల మీద కూర్చోండి. ఒక చేతిబొమ్మను తెచ్చుకుని, దానితోనే మాట్లాడండి. పిల్లలే దగ్గరికి వస్తారు.

వారం రోజుల్లో రావాల్సింది పేర్లు. ప్రతి బిడ్డకూ ఒక అధికారిక పేరు, ఒక చిన్న పిలుపు పేరు ఉంటాయి. బడిలో వాడేది పిలుపు పేరే. ఒకే గదిలో ఒకే పేరున్న ముగ్గురు ఉండటం మామూలే. మొదటిరోజే గది నక్షా గీసుకుని, ఏ మూల ఎవరు కూర్చుంటారో రాసుకోండి.

ఆ వారంలో నేర్పాల్సిన ఇంగ్లిష్ ఐదు ఆజ్ఞలు మాత్రమే: సిట్ డౌన్, స్టాండ్ అప్, కమ్ హియర్, లిజన్, ఫినిష్. ప్రతిదానికీ ఒకే చేతి సైగ ఉండాలి, ఆ సైగ ఏడాదంతా మారకూడదు. ఒకరోజు "సిట్ డౌన్" అని, మరొకరోజు "టేక్ యువర్ సీట్స్ ప్లీజ్" అనే అలవాటు మన ఇంగ్లిష్ మీడియం చదువుల నుంచి వచ్చిన మర్యాద. నాలుగేళ్ల బిడ్డకు అవి రెండు వేర్వేరు శబ్దాలు.

8. ముప్పై నిమిషాల పాఠాన్ని ఎలా విడగొట్టాలి

ఈ వయసు పిల్లలు ఒక పని మీద ఐదారు నిమిషాలకు మించి నిలవరు. కూర్చునే పని, కదిలే పని ఒకదాని తర్వాత ఒకటి రావాలి. పండ్ల పాఠాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

మొదటి నాలుగు నిమిషాలు పలకరింపు పాట, బొమ్మ చేత ప్రతి బిడ్డ పేరూ పిలిపించడం. రోజూ అదే పాట ఉండాలి. మీకు విసుగు పుట్టిన రోజునే వాళ్లకు అది నోటికి వచ్చిందని లెక్క.

తర్వాత నాలుగు నిమిషాలు నిలబడి ఆజ్ఞల ఆట.

ఆపైన ఆరు నిమిషాలు కొత్త మాటలు. బొమ్మల కార్డులకంటే గుడ్డసంచిలో నిజమైన మామిడికాయ, అరటిపండు, కొబ్బరికాయ పెట్టుకెళ్లండి. సంచిలో చేయి పెట్టించి, తడిమించి, బయటకు తీసినప్పుడు పేరు చెప్పండి. వారానికి ఐదారు మాటలు చాలు. "రిపీట్ ఆఫ్టర్ మీ" అని బృందగానం చేయించడం మనకు బాగా తెలిసిన పద్ధతే గానీ, ఆ కోలాహలంలో ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో తెలియదు.

మరో ఆరు నిమిషాలు ఆట. మూడు పండ్లు పరిచి, కళ్లు మూయించి, ఒకటి దాచి, ఏది పోయిందో అడగండి. నోటితో చెప్పలేని బిడ్డ వేలితో చూపినా ఒప్పుకోండి.

తర్వాత ఆరు నిమిషాలు బల్ల దగ్గర రంగులు వేయించడం. ఇది మీకు విశ్రాంతి సమయం కాదు. ఒక్కొక్కరి దగ్గర వంగి, ఒక్కొక్క మాట అడిగే అవకాశం ఇక్కడే దొరుకుతుంది. చివరి నాలుగు నిమిషాలు సర్దుకోవడం, వీడ్కోలు పాట.

కొందరు పిల్లలు వారాల తరబడి, కొన్నిసార్లు టర్మంతా నోరు విప్పరు. ఆజ్ఞలకు సరిగ్గా స్పందిస్తుంటే వాళ్లు నేర్చుకుంటున్నట్టే. వాళ్లను నిలబెట్టి అడగకండి.

9. ఉచ్చారణ: వాళ్ల తప్పులకంటే ముందు మన తప్పులు

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నాలుకకు తోచదు, అందుకే బస్ మనకు బస్సు అయింది, బుక్ బుక్కు అయింది. థాయ్ నాలుకది సరిగ్గా వ్యతిరేక స్వభావం, అది చివరి హల్లును మింగేస్తుంది. మాట చివర స వస్తే త్ అవుతుంది, ల వస్తే న్ అవుతుంది. మీరు "బస్సు" అంటారు, బిడ్డ "బత్" అంటాడు. మీరు "బాలు" అన్నట్టు పలికితే, బిడ్డ "బాన్" అంటాడు. ఇద్దరూ కలిసి బస్‌ను, బాల్‌ను పాడుచేస్తారు.

రెండో చిక్కు ప శబ్దం. ఇంగ్లిష్‌లో మాట మొదట వచ్చే ప, ట, క శబ్దాలతోపాటు కొంచెం గాలి బయటకు వస్తుంది, మనం గాలి లేకుండా పలుకుతాం. థాయ్ చెవి గాలి ఉన్న ప, గాలి లేని ప శబ్దాలను రెండు వేర్వేరు అక్షరాలుగా వింటుంది. ఫుకెట్ దీవి పేరులో మొదటి అక్షరం ఆ గాలి ఉన్న ప, మనం ఫ్యాన్, ఫోన్ మాటల్లో పలికే ఫ కాదు. కాబట్టి మీరు పెన్ అన్నది పిల్లలకు మరో శబ్దంగా వినిపించవచ్చు.

సవరించుకునే పద్ధతి తేలికే. పెదవుల ముందు టిష్యూ కాగితం పట్టుకుని పెన్, పిగ్, పింక్ అనండి. కాగితం కదలాలి. చివరి హల్లు కోసం అద్దం ముందు బస్, డాగ్, కప్ అంటూ, మాట ముగిసే క్షణానికి పిడికిలి మూయండి. పిడికిలి మూశాక గొంతులో ఏ శబ్దమూ మిగలకూడదు. అదే సైగను పిల్లలకూ నేర్పితే, మింగేసే హల్లును పిడికిలితో పట్టుకుంటారు. రోజుకు రెండు నిమిషాలు చాలు.

వ విషయంలో థాయ్ పిల్లలూ మనమూ ఒకే పడవలో ఉన్నాం. వ్యాన్ అన్నప్పుడు పైపళ్లు కింది పెదవిని తాకాలి, వాటర్ అన్నప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టుకోవాలి. జూ, జీబ్రా మాటల్లో మన జ పనికిరాదు, తేనెటీగ మోత రావాలి.

10. థాయ్ సహోపాధ్యాయురాలితో నడుచుకోవడం

గదిలో అసలు అధికారం ఆమెదే. ఎవరికి జ్వరం వచ్చిపోయింది, ఎవరి ఇంట్లో గొడవ, ఎవరు పక్కపక్కన కూర్చుంటే కొట్టుకుంటారు అన్నవి ఆమెకే తెలుసు. శుక్రవారం నాడు వచ్చే వారం పాఠం ఒక పేజీలో, బొమ్మలతో ఆమెకు ఇవ్వండి. ఆటలో ఆమెకూ ఒక పాత్ర పెట్టండి. పిల్లల ముందు ఆమె ఇంగ్లిష్‌ను ఎప్పుడూ సవరించకండి. ఫిర్యాదు ఏదైనా ఉంటే విడిగా, నవ్వు ముఖంతో, ప్రశ్న రూపంలో అడగండి. నలుగురిలో ముఖం చిన్నబుచ్చడాన్ని అక్కడ తేలిగ్గా మరిచిపోరు.

భోజనం, పళ్లు తోముకోవడం, చాపల మీద నిద్ర ఇవన్నీ రోజులో భాగం. పిల్లల్ని మరుగుదొడ్డికి ఒంటరిగా మీరు తీసుకెళ్లకండి. పిల్లల ఫోటోలు మీ సొంత ఖాతాల్లో పెట్టకండి, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అక్కడ 2022 జూన్ 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. వానాకాలంలో నోరు, చేతులు, పాదాల మీద పొక్కులు వచ్చే అంటువ్యాధి అనుబాన్లలో తరచుగా వస్తుంది. అందుకే పొద్దున గేటు దగ్గర పిల్లల చేతులు, నోరు చూస్తారు. చేతులు కడుక్కోవడంలో మీరూ అశ్రద్ధ చేయకండి.

11. తరచుగా జరిగే పొరపాట్లు, వెంటనే చేయాల్సిన సవరణలు

గది అదుపు తప్పితే గొంతు పెంచుతాం. గొంతు తగ్గించి, చేతిబొమ్మను చెవి దగ్గర పెట్టుకుని గుసగుసలాడండి. ఏం చెబుతోందో వినడానికి ముందు వరుస నిశ్శబ్దమవుతుంది, మిగతావాళ్లు దాన్ని చూసి ఆగుతారు.

తల్లిదండ్రులు పుస్తకంలో పేజీలు నిండలేదని అడుగుతారు. వాదించకుండా, వారంలో నేర్చిన ఐదు మాటల జాబితాను థాయ్ టీచరు ద్వారా లైన్ గ్రూపులో పంపించండి.

పిల్లలతో మాట్లాడాలన్న ఆత్రంతో తరగతిలో థాయ్ ఎక్కువగా వాడతాం. మీ థాయ్‌ను బజారుకు, స్టాఫ్ రూముకు దాచుకోండి.

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన టీచర్లు చాలా బడుల్లో ఉంటారు. "నేటివ్ స్పీకర్" జాబితాలో లేనివారిగా వాళ్లూ మనలాంటి షరతులే దాటుకుని వచ్చినవాళ్లు. కాగితాల పనిలో వాళ్లను అడిగినంత తేలిగ్గా సమాధానం ఆఫీసులో దొరకదు. మొదటి వారంలోనే పరిచయం చేసుకోండి.

12. టర్ము మధ్యలో మరవకూడని తేదీలు

☐ ప్రతి 90 రోజులకు చిరునామా నివేదిక ఇవ్వాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు ఇవ్వవచ్చు, దాటితే 2,000 బాత్‌ల జరిమానా.
☐ దేశం విడిచి తిరిగివస్తే ఆ 90 రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.
☐ గది మారితే కొత్త యజమాని చేత టీఎం30 వేయించాలి.
☐ ఉద్యోగం మానితే వీసా పొడిగింపు కూడా దాంతోనే ముగుస్తుంది, కాబట్టి బడి మారేటప్పుడు చివరి పనిరోజును కొత్త బడి పత్రాలు సిద్ధమయ్యాకే నిర్ణయించుకోవాలి.

మొదటి టర్ము అక్టోబరు రెండో వారంలో ముగిసి, దాదాపు మూడు వారాల సెలవులు వస్తాయి. దసరాకు ఇంటికి రావడానికి చాలామందికి అదే వీలైన సమయం. టికెట్ కొన్నంత శ్రద్ధగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి. ఒక్కసారికైతే 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా వెళ్లివచ్చేదానికి 3,800. అది లేకుండా దేశం దాటితే, మూడు నెలలు తిరిగి సంపాదించిన వీసా పొడిగింపు ఆ క్షణానే రద్దవుతుంది, మళ్లీ మొదటినుంచీ దరఖాస్తు చేయాల్సివస్తుంది. సెలవులకు వారం ముందే ఇమిగ్రేషన్ కార్యాలయంలో ఈ పని ముగించుకుని, పాస్‌పోర్టులో ముద్ర పడిందో లేదో, తేదీ సరిగ్గా ఉందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి.